రానుపోను ఒకటి, పోను ఒకటి

(మన సినిమా సభలో చార్లీ చాప్లిన్ తీసిన ‘మస్యూ వెర్దూ’ ప్రదర్శన తర్వాత జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎత్తి రాశాము. తడబాట్లు తీసివేశాము. మిగిలినదంతా వక్త మాట్లాడినట్టే ఉంది.)

సభకు నమస్కారం. సినిమా పూర్తయి దీపాలు వెలిగిన తర్వాత కూడా కాసేపు ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. ఇప్పటిదాకా నవ్వినందుకు కొంచెం సిగ్గుపడుతున్నట్టు, పక్కవారు కూడా నవ్వారా లేదా అని ఓరగా చూసుకుంటున్నట్టు కూర్చున్నారు. వెనుక వరుసలో ఒక అమ్మాయి పడవ సన్నివేశంలో పగలబడి నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మా, నిన్ను తప్పు పట్టడం లేదు, నేనూ అక్కడ నవ్వినవాణ్ణే. ఒక మగవాడు తన భార్యను సరస్సు మధ్యకు తీసుకువెళ్లి, మెడకు బండరాయి కట్టి ముంచేయాలని చూస్తుంటే మనకు నవ్వు ఎందుకు వచ్చింది? వచ్చిన నవ్వుకు చెయ్యి అడ్డం పెట్టుకోవాలని ఎందుకు అనిపించింది? నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు మన పెద్దలు. ఆ నాలుగు విధాలు ఏవో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పలేదు. వాటిలో ఒకటి ఈ సాయంత్రం మనకు ఎదురైందని నా అనుమానం.

నేను సినిమా పండితుణ్ణి కాను. ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, అందులో మొదటి పదకొండేళ్లు క్యాషు కౌంటరు దగ్గరే గడిచాయి. ఈ సినిమా మీద మాట్లాడమని నిర్వాహకులు నన్నే ఎందుకు పిలిచారో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. సినిమాలో చాప్లిన్ వేసిన వెర్దూ అనే హంతకుడు నోట్ల కట్ట లెక్కపెట్టడం చూశారు కదా! బొటనవేలు కదిలినట్టే కనిపించదు, నోట్లు మాత్రం పేక ముక్కల్లా జారిపోతుంటాయి. మేము పక్కన తడి స్పాంజి గిన్నె పెట్టుకుని వేలు అద్దుకుంటూ లెక్కపెట్టేవాళ్లం, అయినా ఆ వేగం మాకు ఎన్నడూ రాలేదు. వేగం సంగతి అలా ఉంచండి. లెక్కపెడుతున్నప్పుడు ఆయన ముఖం చూడండి. ఆ ముఖంలో ఆశ లేదు, ఆనందం లేదు, డబ్బు తనదన్న ధ్యాస కూడా లేదు. అది కచ్చితంగా క్యాషియరు ముఖం. సాయంత్రం నాలుగింటికి క్యాషు సరిపోవాలి, సరిపోతే ఇంటికి వెళ్లవచ్చు, అంతకు మించి ఆ నోట్లతో మనకు బంధుత్వం లేదు. హంతకుడికి ఆ ముఖం పెట్టాలన్న ఊహ చాప్లిన్‌కు ఎక్కడి నుంచి వచ్చింది? అసలు నేరంలో నుంచే వచ్చిందని నేను అనుకుంటున్నాను. అందుకే ముందుగా ఈ సినిమాకు మూలమైన అసలు నేరం సంగతి చెబుతాను.

ఆన్రీ దెజిరే లాంద్రూ అనే మనిషి 1869 ఏప్రిల్ 12న పారిస్‌లో పుట్టాడు. సరిగ్గా యాభయ్యో పుట్టినరోజు నాడు, 1919 ఏప్రిల్ 12న, పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. ఈ రెండు తేదీల మధ్య, ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన ఆ నాలుగేళ్లలో, అతను పది మంది ఆడవాళ్లను, వారిలో మొదటి ఆమె కొడుకైన కుర్రవాణ్ణి, మొత్తం పదకొండు మందిని చంపాడని న్యాయస్థానం తేల్చింది. పద్ధతి చాలా సాదా. పత్రికలో పెళ్లి ప్రకటన వేసేవాడు. భార్య చనిపోయింది, ఇద్దరు పిల్లలు ఉన్నారు, వయసు 43, మంచి ఆదాయం, గౌరవమైన నడవడి, తగిన వితంతువును వివాహమాడగోరుతున్నాను అని ఉండేది ఆ ప్రకటన. మన ఆదివారం పత్రికలో వచ్చే సంబంధాల పేజీ భాషకు దానికీ ఏమైనా తేడా ఉందా? భార్య మాత్రం చనిపోలేదు. ఆమె, నలుగురు పిల్లలు నిక్షేపంగా ఉన్నారు.

యుద్ధకాలపు పారిస్ ఎలా ఉందో ఒక్కసారి ఊహించుకోండి. మగవాళ్లు కందకాల్లో ఉన్నారు, లక్షల మంది తిరిగి రారు. ఇంటి దగ్గర ఒంటరిగా మిగిలిన నడివయసు స్త్రీకి, కొంచెం పొదుపు, కొంచెం సామాను ఉన్న స్త్రీకి, గడ్డం నున్నగా దువ్వుకుని మర్యాదగా మాట్లాడే పెద్దమనిషి ఉత్తరం రాస్తే ఎలా ఉంటుంది? అతను దొంగపేర్లతో ముందు వెర్నుయేలో, ఆ తర్వాత గాంబే అనే పల్లెలో అద్దెకు ఇళ్లు తీసుకున్నాడు. ఆడవాళ్లను ఆ ఇంటికి తీసుకువెళ్లేవాడు. తర్వాత వాళ్ల సామాను అతని గ్యారేజీకి చేరేది, వాళ్ల పొదుపు అతని జేబుకు చేరేది. శవాలు దొరకలేదు. బూడిదలో కాలిన ఎముకల ముక్కలు దొరికాయి. గాంబే ఇంటి వంటగదిలోని పొయ్యిని ఊడబెరికి తెచ్చి న్యాయస్థానంలో నిలబెట్టారు.

అయితే లాంద్రూను అసలు పట్టిచ్చింది ఏమిటో తెలుసా? ఒక నల్లని జేబు పుస్తకం. మహాశయుడికి పద్దులు రాసుకునే అలవాటు ఉంది. అరెస్టు చేసిన రోజు ఆ పుస్తకం పోలీసుల చేతికి చిక్కింది. అందులో ఆడవాళ్ల పేర్లు ఉన్నాయి. అతను పరిచయం చేసుకున్న స్త్రీలు 283 మంది అని దర్యాప్తులో తేలింది. అందులో ఖర్చులూ ఉన్నాయి. గాంబేకు వెళ్లేటప్పుడు కొన్న రైలు టికెట్ల పద్దు ఉంది. తనకు రానుపోను టికెట్టు ఒకటి, ఆమెకు పోను టికెట్టు ఒకటి.

ఒక్క క్షణం ఆ పద్దు దగ్గర ఆగుదాం. రెండూ రానుపోను టికెట్లు కొంటే మహా అయితే మరి కొంచెం డబ్బు ఖర్చయ్యేది. చంపబోయే మనిషి మీద ఆ కొద్ది డబ్బు దండగ అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు, రాసిపెట్టుకున్నాడు. నా ఉద్యోగ జీవితంలో మోసాలు చేసి పట్టుబడినవాళ్లను కొందరిని చూశాను, వారిలో ఎక్కువ మంది డబ్బు దగ్గర కంటే రాత దగ్గరే దొరికిపోయారు. లెక్క రాసుకోకుండా ఉండలేని మనిషి అంటూ ఒకడు ఉంటాడు. ఈ టికెట్ల పద్దు వినగానే మీలో ఇద్దరు ముగ్గురు చిన్నగా నవ్వారు. ఇంకా సినిమా మొదలు కాలేదు, చాప్లిన్ రాలేదు, ఇది పోలీసు దస్తావేజు మాత్రమే. అయినా నవ్వు వచ్చింది. చీకటి హాస్యం అని మనం పిలిచేది దర్శకుడు బయటి నుంచి తెచ్చి నేరానికి పూసే రంగు అనుకుంటాం. ఈ కేసులో అది నేరం లోపలే ఉంది, టికెట్టు రూపంలో ఉంది.

ఇక చాప్లిన్ దగ్గరకు వద్దాం. ఆర్సన్ వెల్స్ అనే మరో దర్శకుడు ఆయన దగ్గరకు లాంద్రూ కథతో వచ్చాడు. ఎవరు ఎంత రాశారన్న దాని మీద తర్వాత ఇద్దరూ రెండు రకాలుగా చెప్పుకున్నారు, ఆ తగాదాలోకి మనం దిగనవసరం లేదు. చాప్లిన్ తన ఆత్మకథలో చెప్పింది ఇది: వెల్స్ దీన్ని నిజ జీవిత కథగా తీద్దామన్నాడు, కొన్ని రోజుల తర్వాత తనకు ఇది అద్భుతమైన హాస్య చిత్రం అవుతుందని తోచింది, ఫోను చేసి ఐదు వేల డాలర్లు ఇచ్చి ఆ ఊహను కొనుక్కున్నాడు. సినిమా పేర్ల వరుసలో ‘వెల్స్ ఊహ ఆధారంగా’ అన్న మాట మీరు ఇందాక చూశారు. 1947 ఏప్రిల్ 11న న్యూయార్కులో మొదటి ప్రదర్శన జరిగింది. లాంద్రూ అరెస్టయి ఇరవై ఎనిమిదేళ్లు నిండడానికి అప్పటికి ఒక్క రోజు తక్కువ. ఇందులో విశేషార్థం ఏమీ లేదు, తేదీలు చూడగానే కూడికలు తీసివేతలు చేయడం నా జబ్బు.

చాప్లిన్ ఏమి ఉంచుకున్నాడు, ఏమి తీసివేశాడు? పెళ్లిళ్లు ఉంచుకున్నాడు, దొంగపేర్లు ఉంచుకున్నాడు, బూడిద చేసే పొయ్యి ఉంచుకున్నాడు, అన్నిటికంటే ముఖ్యంగా పద్దుల బుద్ధి ఉంచుకున్నాడు. కాలాన్ని మాత్రం పదిహేనేళ్లకు పైగా ముందుకు జరిపాడు. లాంద్రూ హత్యలు యుద్ధకాలంలోవి. వెర్దూ హత్యలు ఆర్థిక మాంద్యం నాటివి, 1930 తర్వాతివి. సినిమా మొదటి దృశ్యంలో సమాధి రాయి కనబడుతుంది, దాని మీద 1880 నుంచి 1937 వరకు అని ఉంటుంది, ఆ సమాధి లోపలి నుంచి వెర్దూ మనతో తాపీగా మాట్లాడతాడు. ముప్పై ఏళ్లు నిజాయతీగా బ్యాంకు గుమస్తాగా పనిచేశాను, 1930లో మాంద్యం వచ్చి ఉద్యోగం పోయింది, అప్పుడు ఈ వృత్తిలోకి దిగాను, ఇది కేవలం కుటుంబ పోషణార్థం చేసిన వ్యాపారం, పైగా అంత లాభసాటి వ్యాపారమూ కాదు అంటాడు. చావు కబురు చల్లగా చెప్పడం అంటే ఇదే. చెప్పేవాడు కూడా చచ్చినవాడే కావడం ఇందులో అదనం.

అసలు లాంద్రూకు ముప్పై ఏళ్ల నిజాయతీ ఎక్కడిది? అతను యుద్ధానికి ముందే మోసాల కేసుల్లో పలుమార్లు జైలుకు వెళ్లి వచ్చినవాడు. 1914లో అతను పరారీలో ఉండగానే న్యాయస్థానం శిక్ష వేసి, దొరికితే ద్వీపాంతరానికి పంపమన్నది. వెర్దూ ఇంట్లో చక్రాల కుర్చీలో భార్య, చిన్న కొడుకు ఉంటారు. పిల్లి తోక లాగిన కొడుకుకు క్రూరత్వం తప్పని చెప్పే తండ్రి అతను. అదంతా చాప్లిన్ కల్పన. నిజమైన దొంగను తీసుకుని, అతనికి ఉద్యోగం పోగొట్టుకున్న మర్యాదస్తుడి చరిత్రను అతికించాడు. ఎందుకు అతికించాడో తర్వాత చూద్దాం. ఆ అతుకు దగ్గరే ఈ సినిమాతో నాకు పేచీ.

నవ్వు సంగతికి వస్తాను. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో ఒక మాట ఉంది, ముందు వరుసలోని మాస్టార్లకు తెలిసినదే. శృంగారం నుంచి హాస్యం పుడుతుంది, రౌద్రం నుంచి కరుణ పుడుతుంది, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయి అని. హాస్యానికి తల్లి శృంగారం. శృంగారాన్ని ఎవరైనా అనుకరిస్తే, అతిగా చేస్తే, చేయకూడని చోట చేస్తే మనం నవ్వుతాం. ఇప్పుడు వెర్దూను తలచుకోండి. ఇల్లు చూడడానికి వచ్చిన మదాం గ్రోనే అనే ధనవంతురాలితో, పరిచయమై పట్టుమని పది నిమిషాలైనా కాకముందే, కిటికీ పక్కన నిలబడి ప్రేమ వాక్యాలు కురిపిస్తాడు. మీసం కొస దువ్వుకోవడం, కళ్లు సగం మూయడం, నడుము వంచడం, అన్నీ శృంగార నాయకుడి చేష్టలే, అన్నీ ఒక పిసరు ఎక్కువ. అక్కడ మనం నవ్వింది హత్యకు కాదు, శృంగారాభాసకు నవ్వాం. అయితే తర్వాతి ఆలంకారికులు ఇంకో మాట కూడా అన్నారు. భయానకానికీ కరుణకూ హాస్యం విరోధి అనీ, వాటిని ఒకచోట కలిపితే రసభంగమనీ హెచ్చరించారు. చాప్లిన్ సాహిత్యదర్పణం చదవలేదు. చదివి ఉంటే మొట్టమొదట ఆ నియమం దగ్గరే గీత గీసుకుని, సరిగ్గా దాని మీదే సినిమా తీసేవాడని నాకు అనిపిస్తుంది.

గొంగళిపురుగు గుర్తుందా? తోటలో పూలు కత్తిరిస్తూ వస్తున్న వెర్దూ, దారిలో పాకుతున్న గొంగళిపురుగును చూసి, ఎవరైనా తొక్కుతారేమోనని జాలిపడి తీసి పక్కన పెడతాడు. వెనుక పొయ్యి గొట్టం నుంచి నల్లని పొగ లేస్తోంది. మూడు రోజుల నుంచి ఆ పొగ ఆగడం లేదని, ఉతికిన బట్టలు ఆరేసుకోవడానికి లేకుండా పోయిందని పొరుగామె విసుక్కుంటుంది. ఆ పొగ ఏమిటో సినిమా మనకు ఒక్క మాటలో కూడా చెప్పదు. చెప్పనవసరం లేదు. ఒకే చట్రంలో జాలీ పొగా పక్కపక్కన పెట్టి చేతులు దులుపుకుంటాడు. నాకు ఇక్కడ నచ్చినది పురుగు కంటే ఆ పొరుగామె. ఊరి నడుమ ఒక మనిషి కాలిపోతుంటే మనకు తట్టేది ఉతికిన బట్టల సంగతే. ఇది ఫ్రాన్సు మాటే అనుకోకండి, అపార్టుమెంట్లలో ఉండేవాళ్లం మనమూ ఉన్నాం.

పడవలో అనబెల్లాను ముంచబోయిన సన్నివేశం గురించి పెద్దగా చెప్పను, మీరు నవ్విన నవ్వే చెప్పింది. అనబెల్లా వేషం వేసిన మార్తా రే నోరు విప్పితే చాలు వెర్దూ పథకాలన్నీ బుగ్గి అవుతాయి. విషం కలుపుతాడు, పనిపిల్ల సీసా మారుస్తుంది. తాడు తీస్తాడు, ఒడ్డున పాటగాళ్ల గుంపు తయారవుతుంది. ఈ లోకంలో మరణాన్ని ఎదిరించగలిగేది ఒక్క మొద్దు అదృష్టమేనని ఆమె నిరూపిస్తుంది. చంపలేకపోవడం హాస్యం, ఇది పాత సూత్రమే. చంపగలిగిన చోట కూడా హాస్యం పుట్టించడం కష్టం, అది ఆయన లీడియా అనే మరో భార్య ఇంట్లో చేశాడు. ఆ సన్నివేశం గురించి చివర చెబుతాను.

ఇక్కడ పక్కదారి ఒకటి. నిజ నేరం నుంచి హాస్యం తీయడంలో చాప్లిన్ మొదటివాడు కాడు. అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, విండ్సర్ అనే ఊళ్లో, ఎమీ ఆర్చర్ గిలిగన్ అనే ఆమె వృద్ధాశ్రమం నడిపేది. వెయ్యి డాలర్లు ముందుగా కడితే బతికినంతకాలం చూసుకుంటానని ఒప్పందం. బతికినంతకాలం ఎంత తక్కువైతే ఆమెకు అంత లాభం. పాషాణం పెట్టింది. ఆ ఉదంతమే నాటకమై, ఫ్రాంక్ కాప్రా చేతిలో ‘ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్’ అనే సినిమాగా 1944లో విడుదలైంది. అందులో హంతకులు ఇద్దరు ముసలి పిన్నమ్మలు. ఒంటరి ముసలివాళ్లను చూసి జాలిపడి, ఇంటి వైనులో పాషాణం కలిపి, ప్రేమగా పంపించేస్తుంటారు. డబ్బు ఊసే లేదు. చూశారా, అక్కడ దర్శకుడు నేరం నుంచి డబ్బును తీసివేసి జాలిని మిగిల్చాడు, అందుకే ఆ నవ్వు మనల్ని కుట్టదు. చాప్లిన్ డబ్బును ఉంచి మిగతావి తీసివేశాడు. ‘నిజ ఘటన స్ఫూర్తితో’ అని తెర మీద ఒక వాక్యం వేస్తారు కదా, ఆ వాక్యం చూసినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: స్ఫూర్తి సరే, మిగిలిన సరుకు ఏమి చేశారు?

అదే ప్రశ్న ఇప్పుడు చాప్లిన్‌ను అడుగుతాను. సినిమాలో చనిపోయే ఆడవాళ్లు ఎవరు? డబ్బున్నవాళ్లు, గయ్యాళులు, లేదా మనకు ముఖం కూడా కనిపించనివాళ్లు. వారు పోతే మనకు కష్టం కలగదు, కలగకూడదనే అలా రాశాడు. లాంద్రూ చంపినవారిలో చాలామంది అంత ఉన్నవాళ్లు కారు. కుర్చీలు, మంచాలు, దుప్పట్లు, కాస్త నగదు, ఇవే వారి ఆస్తి. అమ్మితే ఏమి వస్తుంది? ఇక ఒక అమ్మాయి ఉంది, ఆమె వయసు పంతొమ్మిది. ఇళ్లలో పనిచేసుకునే పిల్ల, చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆమెను కూడా గాంబేకు తీసుకువెళ్లాడు. వ్యాపారం అంటున్నారు కదా, ఈ పద్దులో లాభం ఎక్కడుంది? ఎన్నిసార్లు కూడినా లెక్క తేలని పద్దు అది. దర్యాప్తు చేసినవాళ్లు కూడా దానికి సరైన కారణం చెప్పలేకపోయారు.

మరి సినిమాలో? వర్షం పడుతున్న రాత్రి వెర్దూ వీధిలో ఒక బీద అమ్మాయిని చూసి ఇంటికి తీసుకువస్తాడు. కొత్త విషం పనిచేస్తుందో లేదో పరీక్షించడానికి ఎవరూ వెతకని మనిషి కావాలి. మెరిలిన్ నాష్ వేసిన పాత్ర అది. ఆ అమ్మాయి మాట్లాడుతుంది. యుద్ధంలో గాయపడి మంచం పట్టిన భర్తను ప్రేమించానని, అతని కోసం ప్రాణం తీయడానికైనా వెనుకాడేదాన్ని కానని అంటుంది. వెర్దూ చెయ్యి ఆగిపోతుంది. గ్లాసులో బెండు ముక్క పడిందని సాకు చెప్పి, విషం కలిపిన వైను తీసేసి వేరే గ్లాసు తెస్తాడు, చేతిలో డబ్బు పెట్టి పంపిస్తాడు. ఎంత అందమైన సన్నివేశం! నేను మొదటిసారి చూసినప్పుడు కళ్లు తుడుచుకున్నాను, దాచుకోవడం ఎందుకు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు లాంద్రూ కేసు వివరాలు చదివి ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల సంగతి తెలుసుకున్నాను. సినిమాలో బీద పిల్ల బతికింది, గాంబేలో బీద పిల్ల బతకలేదు. చాప్లిన్ లెక్క తేలని ఆ పద్దును కొట్టివేసి, దాని స్థానంలో దయ అని రాశాడు. పదకొండేళ్లు కౌంటరులో కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, మరీ శుభ్రంగా కలిసిన లెక్కను చూస్తే నాకు భయం.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని క్షమించడం నాకు ఇంకా కష్టం. లాంద్రూను ఎవరు పట్టుకున్నారు? గొప్ప పత్తేదారు ఎవరూ కాదు. కనబడకుండా పోయిన ఒక స్త్రీ చెల్లెలు, ఇళ్లలో పనిచేసుకుని బతికే మనిషి, అక్క ఏమైందని గాంబే మేయరుకు ఉత్తరం రాసింది. మరో స్త్రీ తాలూకు వాళ్లు కూడా అలాగే రాశారు. ఇద్దరు వేర్వేరు పెద్దమనుషుల పేర్లు, ఒకే ఇల్లు. రెండు ఉత్తరాలూ కలిపి చూస్తే మేయరుకు అనుమానం వచ్చింది. చివరకు 1919 ఏప్రిల్‌లో ఆ చెల్లెలి వైపు నుంచే వార్త పోలీసులకు అందింది, అతను పారిస్ నడివీధిలోని దుకాణంలో కనిపించాడని. యుద్ధకాలంలో ఆడవాళ్లు తప్పిపోయారంటే పట్టించుకునే నాథుడు లేడు. వదలకుండా తిరిగింది ఆ పనిమనిషి. మరి సినిమాలో ఆ బంధువులు ఎలా ఉన్నారు? మొదటి సన్నివేశంలోనే కూవే కుటుంబం వస్తుంది. ఒకరి మీద ఒకరు అరుచుకుంటూ, ఒకరి మాట ఒకరు కోస్తూ, తప్పిపోయిన తోబుట్టువు కంటే ఆమె డబ్బు మీద ఎక్కువ బెంగ పెట్టుకున్న తగవులమారి గుంపు. మనం వాళ్లను చూసి నవ్వాం. చివర వెర్దూను గుర్తుపట్టేదీ ఆ గుంపే, అప్పుడూ వాళ్లు నవ్వులపాలే. హంతకుడికి మర్యాద దక్కింది, హంతకుణ్ణి పట్టించినవాళ్లకు వెక్కిరింత దక్కింది.

ఇలా ఎందుకు చేశాడు? చివరి ఇరవై నిమిషాల కోసం చేశాడు. న్యాయస్థానంలో వెర్దూ లేచి చెప్పే మాటల సారాంశం ఇది: ప్రపంచం మూకుమ్మడిగా చంపడానికే ఆయుధాలు తయారుచేస్తోంది, ఏమీ ఎరగని స్త్రీలను పిల్లలను శాస్త్రీయంగా తునాతునకలు చేస్తోంది, ఆ పనిలో నేను ఏపాటి, నేను అమెచ్యూరును మాత్రమే. తర్వాత జైలుగదిలో విలేకరితో అంటాడు, ఒక హత్య చేస్తే దుర్మార్గుడు, లక్షల హత్యలు చేస్తే వీరుడు, సంఖ్యే పవిత్రం చేస్తుందని. ఈ మాటలు పలకడానికి ఆయనకు పగటి దొంగ పనికిరాడు. ఉద్యోగం పోయిన నిజాయతీపరుడు కావాలి, ఇంట్లో అవిటి భార్య కావాలి, చనిపోయేవాళ్లు మనకు నచ్చనివాళ్లు కావాలి. మళ్లీ కనబడిన ఆ బీద పిల్ల ఇప్పుడు ఆయుధాల వ్యాపారి కారులో తిరుగుతూ ఉండాలి. వాదన గట్టిది. 1947లో, హిరోషిమా తర్వాత రెండేళ్లకు, ఆ వాదన అమెరికాలో నిలబడి చేయడానికి గుండె ధైర్యం కావాలి. దాన్ని నేను తక్కువ చేయను.

ధైర్యానికి ఆయన మూల్యం కూడా చెల్లించాడు. చిత్రీకరణకు ముందే సెన్సారు కార్యాలయం వారు కథను సంఘ విరుద్ధమన్నారు, వారితో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు చాప్లిన్ ఆత్మకథలో పేజీలకు పేజీలు ఉన్నాయి, సినిమా కంటే తక్కువ నవ్వించవు. విడుదల తర్వాత న్యూయార్కులో జరిగిన విలేకరుల సమావేశంలో సినిమాను గురించి అడిగినవారి కంటే, నువ్వు కమ్యూనిస్టువా, ఇన్నేళ్లుగా ఇక్కడ ఉండి అమెరికా పౌరసత్వం ఎందుకు తీసుకోలేదు అని నిలదీసినవారే ఎక్కువ. ఆ గదిలో ఆయన పక్షాన గొంతు విప్పినవాడు జేమ్స్ ఏజీ అనే విమర్శకుడు. తర్వాత అతను ‘ది నేషన్’ పత్రికలో మూడు విడతలుగా సమీక్ష రాశాడు. కొన్ని ఊళ్లలో నిరసనకారులు సినిమా హాళ్ల ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. సినిమాను అమెరికాలో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 1952లో ఆయన ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరగానే తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు. అంటే ఆయనకు దక్కింది పోను టికెట్టు. క్షమించండి, ఈ మాట అనకుండా ఉండలేకపోయాను.

పేరు మార్చడం గురించి ఒక ముక్క. 1963లో క్లోద్ షాబ్రోల్ అనే ఫ్రెంచి దర్శకుడు ఇదే కథను ‘లాంద్రూ’ అన్న అసలు పేరుతోనే తీశాడు. అసలు లాంద్రూతో కలిసి ఉన్న ప్రియురాలు అప్పటికి ఇంకా బతికే ఉంది. తన అనుమతి లేకుండా తనను తెర మీద చూపించారని న్యాయస్థానానికి వెళ్లింది. నేరం పాతది కావచ్చు, దాని తాలూకు మనుషులు ఎక్కడో ఒక చోట ఊపిరి తీసుకుంటూనే ఉంటారు. వెర్దూ అన్న పేరు పెట్టుకున్నందువల్ల చాప్లిన్‌కు చట్టం దృష్టిలో స్వేచ్ఛ వచ్చింది. ఆ స్వేచ్ఛను ఆయన ఎక్కువగా హంతకుడి కోసమే ఖర్చుపెట్టాడని నా ఫిర్యాదు.

మరి ఈ సినిమాను మీకు ఎందుకు చూపించమన్నాను? లీడియా ఇంటి సన్నివేశం కోసం. మాయమాటలు చెప్పి ఆమెతో బ్యాంకు నుంచి డబ్బు తీయిస్తాడు. రాత్రి ఇద్దరూ పడుకోవడానికి మేడ మీదికి వెళతారు. నడవా చివర కిటికీలోంచి వెన్నెల పడుతుంటుంది. వెర్దూ అక్కడ ఆగి చంద్రుణ్ణి చూస్తూ కవిత్వం చెబుతాడు. గదిలోంచి ఆమె, ఆ గోల ఆపి పడుకోమంటుంది. అతను లోపలికి వెళతాడు. కెమెరా కదలదు, ఖాళీ నడవాను చూస్తూ అక్కడే ఉంటుంది. సంగీతం ఒక్కసారి పైకి లేచి దిగిపోతుంది. వెన్నెల తెల్లవారి వెలుగు అవుతుంది. వెర్దూ కూనిరాగం తీస్తూ బయటికి వచ్చి, కిందికి దిగి, ఫలహారానికి బల్ల మీద ఇద్దరికి సర్దుతాడు. సర్ది ఒక్క క్షణం ఆగి, అయ్యో అన్నట్టు, రెండోది తీసేస్తాడు.

హాలు మొత్తం నవ్వింది అక్కడ. ఆ రెండో పళ్లెం మీద చెయ్యి పడే దాకా ఒక మనిషి చనిపోయిందన్న సంగతి మన లెక్కలోకి రాలేదు. సినిమా మొత్తంలో చనిపోయిన స్త్రీకి ఒక చోటు, కూర్చోవడానికి ఒక జాగా దొరికింది ఆ క్షణంలోనే, తీసేసిన పళ్లెం ఉన్న చోట. చాప్లిన్ ఉపన్యాసంలో చెప్పినదంతా కలిపినా దానికి సాటి రాదు.

నిర్వాహకులను అడిగి ఆ మూడు నిమిషాలు మళ్లీ వేయిస్తున్నాను. బాబూ, ఆ దీపాలు తీసెయ్యండి. మొదటిసారి మనమందరం వెర్దూను చూశాం, ఆయన చూడమన్న చంద్రుణ్ణి చూశాం. ఈసారి మీరు ఆ గది తలుపు మీద చూపు నిలపండి, ఆయన కిందికి దిగిపోయాక కూడా.